అడగకముందే

అమ్మమ్మ ముప్పై ఏళ్లు ఆసుపత్రి వార్డులో ఆయాగా చేసింది. రోగి పెదవి కదపకముందే నీళ్లు కావాలో, దుప్పటి కావాలో, తలగడ ఎత్తాలో ఆమెకి తెలిసిపోయేది. మాట పడిపోయినవాళ్లు కళ్లతో ఆమెనే వెతుక్కునేవారు. రిటైరయ్యాక ఆ విద్యంతా మనవరాలి మీదికి మళ్లింది.

పిల్లకి రెండేళ్లు నిండవస్తున్నాయి. ఇటు చెయ్యి చాపితే పాలు, అటు చాపితే బంతి. మూతి ముడవకముందే ఎత్తుకోవడం. నడక వచ్చింది, పరుగొచ్చింది, మాట మాత్రం రాలేదు. పక్కింటావిడ రోజూ గుమ్మంలోంచి, "మీ మౌనముని లేచిందా?" అని పలకరించేది. అమ్మమ్మ నవ్వేసేది గానీ, ఆ మాట పంటి కింద రాయిలా ఉండేది.

చివరికి అమ్మమ్మ, కూతురు కలిసి పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లారు. చెవులు బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. నర్సు పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని అట్టల బొమ్మల పుస్తకం తెరిచింది.

"ఇదేంటమ్మా?"

"బాతు," అంది అమ్మమ్మ.

నర్సు పేజీ తిప్పింది. "మరి ఇది?"

"కుక్కపిల్ల. మా వీధిలో కూడా ఉందిగా, చిట్టీ."

నర్సు పుస్తకం మూసింది. "అమ్మమ్మగారూ, మీకు మాటలు బాగా వచ్చేశాయి. ఇక దీని సంగతి చూద్దాం."

కూతురు పకపకా నవ్వింది. అమ్మమ్మ కొంగు సర్దుకుంది.

నర్సు చెప్పింది పెద్ద విషయమేం కాదు. పుస్తకం పిల్ల చేతికే ఇవ్వాలి. తలకిందులుగా పట్టుకున్నా, నోట్లో పెట్టుకున్నా పర్వాలేదు. అది ఏ బొమ్మ చూస్తే ఆ బొమ్మ గురించే రెండు మాటలు చెప్పాలి. తర్వాత దాని మొహం చూస్తూ ఊరుకోవాలి. ఏదైనా కావాలని చెయ్యి చాపినా అంతే.

"ఎంతసేపు ఊరుకోవాలి?"

"మీరు దేవుణ్ణి పదిసార్లు తలుచుకునేంతసేపు."

దారిలో కూతురు మెల్లిగా అంది. "వచ్చే సోమవారం దాకా చూద్దామమ్మా. ఒక్క మాటైనా రాకపోతే పగలు పిల్లల కేంద్రంలో వేస్తాను. పదిమందిలో పడితే నోరు విప్పుతుందేమో."

"నా దగ్గర దానికేం తక్కువైందే?"

కూతురు పిల్లని ఇంకో భుజం మీదికి మార్చుకుంది. పిల్ల లేని పగళ్లు ఎలా ఉంటాయో అమ్మమ్మ ఊహించుకోలేకపోయింది.

ఆ వారం ఆమె పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. పిల్ల బంతి కోసం చెయ్యి చాపి గునిస్తే, నాలుగో నామం దగ్గరే ఆమె చెయ్యి బంతి మీద ఉండేది. చివరికి చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం దీపం పెడుతూ అడిగింది: 'స్వామీ, తెలిసి కూడా ఇవ్వకుండా కూర్చోవడం ఏం ధర్మం? మేం అడిగేదాకా నువ్వూ ఇలాగే చూస్తూ కూర్చుంటావా?' దీపం నిమ్మళంగా వెలిగింది. జవాబేమీ రాలేదు. అదే జవాబేమో అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం కూతురు ఇంట్లోనే ఉంది. పిల్ల చాప మీద పుస్తకం పరుచుకుని, ఎత్తుపీట మీదున్న నీళ్ల గ్లాసు వైపు చెయ్యి చాపింది. కూతురు లేవబోయింది. అమ్మమ్మ ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఆగవే."

"దాహమేస్తోందమ్మా దానికి."

"నాకు తెలీదా? ఊరుకో."

పిల్ల తల్లిని చూసింది, అమ్మమ్మని చూసింది. కింది పెదవి వణికింది. అమ్మమ్మ ఏడో నామం దగ్గరుంది.

"బాత్తు," అంది పిల్ల.

ఎవరూ కదల్లేదు. పిల్ల విసుగ్గా పుస్తకం మీద అరచేత్తో కొట్టి, మళ్లీ గ్లాసు చూపించి, "బాత్తు" అంది.

అమ్మమ్మ గ్లాసు అందించింది. పిల్ల దాన్ని నోటి దాకా తీసుకెళ్లలేదు. బొమ్మలోని బాతు ముక్కు మీద జాగ్రత్తగా వంచింది. నీళ్లు పేజీ నిండి, చాప తడిసి, అమ్మమ్మ చీర కుచ్చిళ్ల దాకా వచ్చాయి.

"దాహం దీనిది కాదే," అంది అమ్మమ్మ నెమ్మదిగా. "ఇన్నాళ్లూ దీని మనసంతా నాకే తెలుసనుకున్నాను."

కూతురు కళ్లు తుడుచుకుని తువ్వాలు తెచ్చింది. "రేపు కేంద్రం వాళ్లకి వద్దని చెప్పేస్తానమ్మా."

అమ్మమ్మ తలూపింది గానీ, ఆమె చూపు పిల్ల మీదే ఉంది.

"బాతుకి ఇంకా కావాలామ్మా?" అని అడిగి, నోరు మూసుకుని కూర్చుంది.