ఎర్ర గీత దిగని సూది

తొలొమూష్‌కి నలభై నాలుగేళ్ళు. ఇన్నేళ్ళూ పెళ్ళెందుకు కాలేదయ్యా అంటే, అడగడానికి నోరు పెగలక. ఆ నోరు మొన్న వసంతంలో ఎలాగో పెగిలింది. ఆసుపత్రిలో నర్సు జిబెక్‌ని అడిగేశాడు. ఆమె భర్త పోయి ఆరేళ్ళయింది. "మా అమ్మ ఊ అంటే నేనూ ఊ. జూలైలో కొండ మీద మా అన్నయ్య గుడారంలో ఉంటాను. అమ్మని నీ కారులో తీసుకురా. దారిలో నిన్ను చూసుకుంటుంది" అంది జిబెక్. అంతే, ఆ ప్రయాణం కాస్తా పరీక్షయి కూర్చుంది.

తల్లి పేరు ఉల్కన్. డెబ్బై ఒక్కేళ్ళు. తెల్ల తలగుడ్డ, ఒంటి మీద దళసరి మఖమల్ కోటు. ఊళ్ళో ఆమె నోటికి జడవని మగాడు లేడు.

బయల్దేరాక మొదటి గతుకులోనే, ఇంజిన్ వేడి చూపించే సూది ఒక్క గెంతు గెంతి ఎర్ర గీత మీద కూర్చుంది. ఇంజిన్ కాగిపోతోందంటే మా కనుమ దారిలో ఏ డ్రైవరైనా చేసేది ఒక్కటే, హీటర్ పూర్తిగా తిప్పేస్తాడు. ఆ వేడి లోపలికి లాగేస్తే ఇంజిన్ బతుకుతుంది, లోపలున్న మనుషుల సంగతి దేవుడికెరుక. తొలొమూష్ కూడా తిప్పాడు. మిట్టమధ్యాహ్నం, జూలై నెల.

"అపా, కాస్త కిటికీ దించమంటారా?" అన్నాడు. మా వైపు అమ్మనీ పెద్దావిడనీ అలాగే పిలుస్తారు.

"దించు నాయనా, దించు! ఆ ఈదురుగాలి చెవిలో దూరి, మెడ పట్టేసి, నేను మంచాన పడితే నీకు చల్లగా ఉంటుంది."

కిటికీ దిగలేదు. మా వాళ్ళు తోడేలుకి ఎదురెళ్తారు గానీ, కిటికీలోంచి వచ్చే గాలికి మాత్రం ఎదురెళ్ళరు. కోటు విప్పమందామా అంటే, కాబోయే అత్తగారిని కోటు విప్పమనే ధైర్యం ఎవడికుంది? ఆవిడ మొహం ఎర్రబడింది, ఆ తర్వాత ఇంకా ఎర్రబడింది. అతని చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ప్రతి పది నిమిషాలకీ కారాపి, బానెట్ ఎత్తి, వాగులోంచి నీళ్ళు తెచ్చి పోద్దామని చూస్తే, రేడియేటర్ నిండుగానే ఉంటోంది. ఆవిరీ లేదు, పొగా లేదు. అయినా సూది ఎర్రగా ఉందంటే ఎర్రగా ఉన్నట్టే! సూది అబద్ధమాడుతుందేమోనన్న ఆలోచన ఆ మహానుభావుడికి ఒక్కసారైనా తట్టిందా? తట్టలేదు.

"ఏం నాయనా, నన్ను కొండ మీదికి తీసుకెళ్తున్నావా, ఆవిరి మీద ఉడికిస్తున్నావా?" అంది ఉల్కన్. పోయింది, నా పెళ్ళి పోయింది, అనుకున్నాడతను.

కనుమ పైన, గుర్రప్పాలు పులియబెట్టిన కుమిస్ అమ్మే గుడారం పక్కన ఎషిమ్‌కుల్ అనే మెకానిక్ ఉంటాడు. తొలొమూష్ కారాపి ఏడుపు మొహంతో సంగతంతా చెప్పాడు. ఎషిమ్‌కుల్ రేడియేటర్ గొట్టం మీద అరచెయ్యి ఆనించి, తీయకుండా అలాగే నిలబడ్డాడు.

"నీ ఇంజిన్‌కేం జబ్బు లేదురా. నీకంటే అదే చల్లగా ఉంది."

"మరి సూది?"

"ఉండు, దాని సంగతి చూద్దాం." ఇంజిన్‌కి బిగించిన సెన్సార్ నుంచి తీగ పీకేశాడు. "ఇప్పుడు దిగిందా?"

"లేదు."

"అయితే సెన్సార్ మంచిదే. తీగే దారిలో ఎక్కడో రేకుకి తగిలి సూదిని పైకెక్కిస్తోంది." అంటూ తీగ వెంబడి వేలితో తడుముకుంటూ వెళ్ళి, సగం దారిలో ఆగాడు. "అమ్మ బాబోయ్! ఇదెవరి పనిరా?"

నల్లపూసలు కట్టిన పిన్నీసు. ఎవరో తీగలోంచి అడ్డంగా గుచ్చేశారు. దాని కొస కారు రేకుకి ఆనుకుని ఉంది. ఎషిమ్‌కుల్ పిన్నీసు లాగేసి, నొక్కి మూసి పక్కన పెట్టి, చిల్లుపడ్డ చోట టేపు చుట్టి, తీగ మళ్ళీ తగిలించాడు. సూది బుద్ధిగా మధ్యకి వచ్చి నిలబడింది.

తొలొమూష్ పిన్నీసు అందుకుని ఊగిపోయాడు. "ఎవడో నా పెళ్ళి చెడగొట్టడానికే చేశాడు! ఎవడి చేతులు పడిపోనూ!" అంటూ లోయలోకి విసరబోయాడు.

"పారేశావంటే చెయ్యి విరగ్గొడతా!"

ఉల్కన్ కారు దిగి వస్తోంది. "పొద్దున నువ్వు బానెట్ ఎత్తిపెట్టి నీళ్ళకి వెళ్ళినప్పుడు నేనే గుచ్చాను. దిష్టి తగలకూడదని. కారుకి గుండెకాయ ఎక్కడుంటుందో నాకేం తెలుసు? ఆ తీగ కాస్త ముఖ్యమైన దానిలా కనబడింది."

"నా కారుకెందుకపా?"

"చూడు, ఎలా అడుగుతున్నాడో! దారిన పోయే వాళ్ళ కార్లకల్లా పూసలు గుచ్చుకుంటూ తిరగడానికి నాకేం పనీపాటా లేదా? ఇంట్లో వాళ్ళకే కదరా కడతాం!"

తొలొమూష్ పిన్నీసు వంకా కారు వంకా మార్చి మార్చి చూశాడు. ఎషిమ్‌కుల్ అతని వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఓరి మొద్దూ, బయల్దేరకముందే ఊ అనేసిందిరా ఆవిడ!"

ఉల్కన్ పిన్నీసు లాక్కుని, మెడ వంచమని సైగ చేసి, అతని చొక్కా కాలరు పట్టుకుంది. అతని కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారుతున్నాయి.

"ఏంట్రా, ఏడుస్తున్నావా?"

"గుచ్చుకుందపా" అన్నాడు.

ఆవిడ ఇంకా పిన్నీసు తెరవనేలేదు.