వెయిటింగ్ లిస్టు

“కాలర్ ఇంకోసారి రుద్దు. స్టేజీ మీద లైట్ల కింద ముడత కనపడితే పరువు పోతుంది,” అన్నారు మా ఆయన, బనీనుతో అద్దం ముందు నిలబడి తనని తాను చూసుకుంటూ.

ఈరోజు పిల్లల కాలేజీలో ఈయన ఉపన్యాసం. సరైన చదువు, సరైన ఉద్యోగం ఎంచుకోవడం ఎలాగో చెబుతారట. నేను కాలర్ రుద్దాను. నేను ఇస్త్రీ చేసే బల్ల మీద పాత దుప్పటి పరిచి ఉంటుంది గానీ, అది నేను డిప్లొమాలో ఇళ్ళ ప్లాన్లు గీసిన డ్రాయింగు బల్ల. పొడవాటి స్కేలు జారి జారి అరిగిన అంచు ఇప్పటికీ వేలికి తగులుతుంది. కొన్నాళ్ళు మా అత్తగారు దాని మీద కూరగాయలు కూడా తరిగించారు. “ఊరికే పడుంటే చెదలు పడుతుంది,” అన్నారు. బల్ల గురించే అన్నారనుకున్నాను అప్పట్లో.

మా పెద్దాడు ఒక ఏడాది తప్పి చెల్లెలి క్లాసులోకే వచ్చి పడ్డాడు. ఇద్దరిదీ నేనూ ఈయనా చదివిన డిప్లొమానే. మొన్న వాళ్ళ కాలేజీ నుంచి ఒక పెద్ద కంపెనీ ఒకే ఒక్కరిని ట్రైనింగుకి ఎంచుకుంది. వేరే ఊళ్ళో, జీతమిచ్చి నేర్పుతారు, అయ్యాక ఉద్యోగం. మా చిన్నదానికి వచ్చింది. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు వాళ్ళ అన్నయ్యది. వచ్చేదీ రానిదీ ఈ మధ్యాహ్నంలోగా చెప్పాలి.

“చూడు తల్లీ, నువ్వు తెలివైనదానివి, ఇలాంటివి నీకు పదొస్తాయి,” అన్నారు ఈయన చిన్నదానితో. “వాడికి ఇది పోతే ఇంకోటి రాదు. నువ్వు వద్దంటే సీటు వాడికేగా వచ్చేది. బయటికేం పోదు.”

కుర్చీలోంచి అత్తగారు అందుకున్నారు. “ఏ చేత్తో తింటే ఏంటే, వెళ్ళేది ఒక కడుపులోకేగా.”

ఈ మాట నాకు కొత్త కాదు. మా పెళ్ళి కుదిరిన వారంలో ఇదే నోట విన్నాను. మేమిద్దరం ఒకే క్లాసు, ఇష్టపడి చేసుకున్నాం. ఈయన ఇప్పుడు మేనేజరుగా ఉన్న కంపెనీ ఆనాడు మా కాలేజీలో ఒక్కరినే తీసుకుంది. నన్ను. రెండో పేరు ఈయనది. పెళ్ళాం సంపాదిస్తుంటే మొగుడు ఇంట్లో కూర్చుంటాడా, నలుగురూ నవ్వరూ, నువ్వు తప్పుకుంటే వాడికొస్తుంది అన్నారు అత్తగారు. ఈయనేమో నా చేతులు పట్టుకుని, “రెండేళ్ళు ఓపిక పట్టు, తర్వాత నువ్వూ చేరుదువుగాని,” అన్నారు. నేను మురిసిపోయాను, వెర్రిమొహాన్ని. ఈయనకి చేతకాని డ్రాయింగులన్నీ పెద్దాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఈ బల్ల మీదే గీసిచ్చాను. ప్రమోషన్ వచ్చాక, ఆఫీసు సంగతి ఏదడిగినా “నీకెందుకు ఆ గొడవలు” అయింది. పిల్లలు స్కూలుకి పోతున్నారు కదా అని నేనొక చిన్న ఆఫీసుకి ఇంటర్వ్యూకి వెళ్తే, అనుభవం లేదు కదమ్మా, జిరాక్సులు తీసే పనుంది చేస్తావా అన్నారు. ఇంటికొచ్చి చెబితే ఈయన పగలబడి నవ్వారు. “చూశావా, బయట నీ ఖరీదెంతో!” తిన్న చేయి ఒకటి, ఎంగిలి కంచం కడిగిన చేయి ఇంకొకటి. కడుపు ఒక్కటేనట.

“నాన్న చెప్పిందే నిజమేమో,” అంది చిన్నది ఫోను తీస్తూ. “వందమందిలో నాన్ననొక్కణ్ణే తీసుకున్నారు. అంత టాలెంటు నాకెక్కడిది? ఏదో అదృష్టం కొద్దీ వచ్చింది. అయినా అమ్మని చూడు, ఉద్యోగం సద్యోగం లేకపోయినా హాయిగా లేదూ?”

అందరూ నవ్వారు. ఆ వందమంది కథ ఈయన పిల్లలకి గోరుముద్దలతో పాటు తినిపించారు. ఈరోజు ఉపన్యాసం మొదలయ్యేదీ దాంతోనే.

నేను ఇస్త్రీపెట్టె స్విచ్చి కట్టేసి, చొక్కా ఆయన చేతికిచ్చాను. వేసుకున్నారు.

“ఏవండీ, ఆ కథ కాస్త సరిచేసి చెప్పండి. వందమందిలో వాళ్ళు తీసుకున్నది నన్ను. మీది వెయిటింగ్ లిస్టు.”

బొత్తాం మీద ఆయన వేళ్ళు ఆగిపోయాయి. “పిల్లల ముందు ఏం మాటలవి?” అన్నారు. అబద్ధమని మాత్రం అనలేదు. పెద్దాడు తండ్రి మొహంలోకి చూసి, తల దించుకున్నాడు. కొడుకు తల దించుకోవడం ఆయన చూశారు. నాకు జాలి కలగాలి. కలగలేదు. హాయిగా ఉంది. చిన్నది అన్నట్టే, చాలా హాయిగా ఉంది.

చిన్నది నన్నే కాసేపు చూసింది. తర్వాత ఫోన్లో “వస్తున్నాను” అని కొట్టి పంపేసింది.

నేను బల్ల మీది దుప్పటి లాగేశాను. కింద కత్తి గాట్లు, కాలిన మచ్చలు. “ఇది నీ సామానుతో తీసుకెళ్ళు,” అన్నాను.

“అమ్మా, ఇప్పుడంతా కంప్యూటర్లోనేగా గీసేది.”

“తెలుసు. ఇక్కడ మాత్రం ఉండకూడదు.”

“బల్ల పంపేస్తే వాడి చొక్కాలు ఎవరు రుద్దుతారే?” అన్నారు అత్తగారు.

“నేను తప్పుకుంటున్నాను అత్తయ్యా. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు మీ అబ్బాయిదేగా.”