పక్కింట్లో గ్యాసు

సుసన్నాకు ఆయాసం మొదలై మూడేళ్లయింది. గోదావరిఖనిలో ఆ వరుస క్వార్టర్లన్నింటిలోనూ కంపెనీ ఇచ్చే బొగ్గుతోనే వంట. పొద్దున పొయ్యి అంటించాక అరగంటసేపు ఇల్లంతా పొగ కమ్మేసేది. దవాఖానలో డాక్టరు మందులు రాసి, "పొగకు దూరంగా ఉండమ్మా" అన్నాడు. దూరంగా ఉండి వంట ఎట్లా చెయ్యాలో చెప్పలేదు.

డెబ్బై ఆరు ఎండాకాలంలో ఆమె అన్న జ్ఞానయ్యకు సికింద్రాబాదు నుంచి ఉత్తరాదికి బదిలీ అయింది. పోతూ పోతూ తన గ్యాసు పొయ్యినీ సిలిండరునూ లారీలో తెచ్చి చెల్లెలింట్లో దింపాడు. "ముందు పుల్ల గియ్యాలె, తర్వాతనే ఈ చెవి తిప్పాలె. కారితే కుళ్లు వాసనొస్తది, కిటికీలు తెరువాలె. అంతే" అని నేర్పి వెళ్లిపోయాడు.

సుసన్నా చాయ్ పెట్టింది. గిన్నె ఎత్తి అడుగు చూసుకుని, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ చూసింది. "చూడయ్యా, నల్లగనే కాలేదు" అని భర్తకు చూపించింది. యిర్మియా గడప దాటి లోపలికి రాలేదు. పద్నాలుగేళ్లుగా గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని ఆయనది. పక్క క్వార్టరు గట్టయ్యా ఆయనా ఒకే షిఫ్టు. రెండేళ్ల కింద గట్టయ్య తమ్ముడు పోశం, గనిలో గ్యాసు నిలిచిన పాత దారిలోకి తెలియక అడుగు పెట్టాడు. శవాన్ని వాళ్లిద్దరే మోసుకొచ్చారు. ఒంటి మీద చిన్న గాయం లేదు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

రెండు రోజుల్లో మాట నల్లా దగ్గరికి చేరింది.

"యిర్మియా ఇంట్ల గ్యాసు తెచ్చి పెట్టుకున్నరట" అంది ఒకావిడ.

"గనిలున్న గ్యాసునే బుడ్డీలల్ల నింపి అమ్ముతున్నరట" అంది మల్లక్క. "దాని మీద వండింది తింటే రక్తం ఇరిగిపోతదట."

"గనిలకు అగ్గిపెట్టె తీసుకపోతేనే కొలువు తీసేస్తరు. ఈమె గ్యాసు పక్కన కూసోని పుల్ల గీస్తున్నది."

శనివారం సుసన్నా ఇంట్లో ప్రార్థన కూటం జరిగింది. వచ్చినవాళ్లు వాకిట్లోనే కూర్చున్నారు. చాయ్ ఎవరూ ముట్టలేదు. ఆమెకు కష్టం అనిపించింది. కానీ ఆ మర్నాడు చర్చిలో ఆమె ఒక పాటను మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఆగకుండా పాడగలిగింది. మూడేళ్లలో అదే మొదటిసారి.

గట్టయ్య ఒక సాయంత్రం వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"యిర్మియా, గ్యాసంటే ఏందో నీకు తెల్వదా? పోశాన్ని మనిద్దరమే కదా మోసుకొచ్చింది."

"ఇది ఆ గ్యాసు కాదు బావా."

"పేరైతే అదే కదా. నీ బుడ్డికి, నేను పండుకునే మంచానికి నడుమ గోడొక్కటే ఉన్నది. నిద్ర పడ్తలేదు. మా ఇంటిది పిల్లల్ని తీసుకోని ఊరికి పోయింది."

ఆ రాత్రి నుంచి యిర్మియాకూ నిద్ర సరిగా పట్టలేదు.

ఇంకో వారానికి, మొదటి షిఫ్టు దిగి వచ్చి యిర్మియా అన్నం తింటుండగా గట్టయ్య, అదే వరుసలో ఉండే రాజం, ఇంకో ఇద్దరు వచ్చారు.

"ఈ వరుసల ఇరవై ఇండ్లున్నయి. అందరికి పిల్లలున్నరు. దాన్ని తీసెయ్యుండ్రి" అన్నాడు రాజం.

సుసన్నా వంటగది తలుపుకు అడ్డంగా నిలబడింది. "గనిల గ్యాసుకు వాసన లేదని మీరే చెప్తరు కదన్నా. దీనికి వాసనుంటది. ముందే తెలుస్తది." భర్త వైపు తిరిగింది. "నువ్వు చెప్పయ్యా. నీకు తెలుసు కదా."

ఆయనకు తెలుసు. జ్ఞానయ్య చెప్పిందంతా విన్నాడు. రెండుసార్లు తన చేత్తోనే పొయ్యి వెలిగించాడు. నలుగురి మొహాలూ చూశాడు. కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

"తీసుకపోండ్రి" అన్నాడు.

గట్టయ్య సిలిండరు ఎత్తుతూ, "నన్ను తిట్టుకోకు చెల్లె" అన్నాడు. సుసన్నా పక్కకు జరిగి దారి ఇచ్చింది.

వాళ్లు దాన్ని ఏం చెయ్యాలో తెలియక ఒక ఆఫీసరు బంగ్లాలో అప్పజెప్పారు. మూడో రోజున గట్టయ్య భార్య సారవ్వ ఊరి నుంచి తిరిగొచ్చింది. వానలు మొదలయ్యాక ఆ బంగ్లాలోనే ఆమెకు వంటపని దొరికింది.

ఒక మధ్యాహ్నం సారవ్వ సుసన్నా వాకిట్లో బియ్యంలో రాళ్లేరుతూ చెప్పింది. "నేనొట్టిగనే భయపడ్డ వదినా. ఆ గ్యాసు మంచిగుంటది. పొగ రాదు, మసి రాదు. నేనే ముట్టిస్త, నేనే ఆర్పుత."

సుసన్నాకు దగ్గు తెర ముంచుకొచ్చింది. సారవ్వ లేచి వీపు రాసి, నీళ్లు తాగించింది. దగ్గు నెమ్మదించాక సుసన్నా అడిగింది.

"వాళ్లింట్ల ఎవలకన్న ఆయాసముందా?"

"లేదొదినా. గిన్నెలు నల్లగైతే దొరసానికి నచ్చదు."

ఆ సాయంత్రం సుసన్నా ఈ సంగతి భర్తకు చెప్పింది.

"గంతమందిల నేనొక్కణ్ణి ఏమంటనే" అన్నాడు ఆయన.

"ఏదో ఒకటి అన్నా అయిపోతుండె. వాళ్లు ఎట్లయినా తీసుకపోదురు. నా దిక్కు ఒకరున్నరని నేనన్న అనుకుందును."

చలికాలం వచ్చేసరికి ఆమెను రెండుసార్లు దవాఖానలో చేర్పించాల్సి వచ్చింది. యిర్మియా వంట నేర్చుకున్నాడు. డ్యూటీకి ముందే లేచి పొయ్యి వాకిట్లోకి మోసుకొచ్చి అంటించేవాడు. పొగ తగ్గేదాకా విసిరి, అన్నం, పప్పు వండి, ఆమె మంచం దగ్గర పెట్టేవాడు.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగేవాడు.

"సరిపోయింది" అనేది సుసన్నా, గోడ వైపు చూస్తూ.

ఆ ఇంట్లో వాళ్లిద్దరి మధ్య మిగిలిన మాటలు దాదాపు అవే.