మండపం ఎక్కిన లెన్సు

నేను ఒక కెమెరా లెన్సుని. నాకు కన్ను పెద్దది. దీపం వెలుగిస్తే చాలు, మనిషి మొహం పట్టేస్తాను. గర్వమా? ఉంది. ఎందుకుండకూడదు?

ఎక్కడో పరదేశంలో నా గాజు అరగదీసి, నునుపు చేసి, పెట్టెలో పెట్టి పంపారు. తణుకులో స్టూడియో నడిపే ఒకాయన నన్ను కొన్నాడు. ఆయన గుండెపోటుతో పోయాక భార్య హైమావతి నన్ను చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత ఎందరి పెళ్లిళ్లకో మండపం ఎక్కింది. విధవ అని ఎవరూ దిగమనలేదు. ఫొటోలు కావాలిగా మరి!

కూతురు మృదుల పెళ్లికి మాత్రం అందరికీ శాస్త్రం గుర్తొచ్చింది. కన్యాదానానికి మరిది గణపతిరావు దంపతులు కూర్చుంటారట. తల్లి ముహూర్తానికి ఎదురుపడకూడదట. హైమావతి ఫొటోలు తానే తీస్తానంది. గణపతిరావు అందుకూ సిద్ధంగానే ఉన్నాడు. కొత్త కెమెరా, దానికి బారెడు జూమ్ లెన్సు అద్దెకు తెచ్చాడు.

"వదినా, దీనికి ఐఎస్‌ఓ పెంచితే చీకట్లో కూడా పట్టపగల్లా వచ్చేస్తాదంట. ఆ గుమ్మం కాడే నిలబడి తీసుకోండి. పైకి రానక్కర్లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఐఎస్‌ఓ పెంచడమంటే ఉన్న కాస్త వెలుతురునే కెమెరా సాగదీసుకోవడం. ఒకప్పుడలా చేస్తే ఫొటో నిండా ఇసుక చల్లినట్టుండేది. ఈ కొత్తవాటికి ఆ లోపం కూడా లేదు. నా పని అయిపోయిందనుకున్నాను.

హైమావతి జూమ్ లెన్సు ఊడదీసి నన్ను బిగించింది. "ఇది దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి లాగదు మరిదిగారూ. నేనే దగ్గరికెళ్లాలి."

మెట్లెక్కింది. హాలంతా గుసగుసలు. "తప్పుకోండమ్మా" అన్నాడు పురోహితుడు.

"ఫొటోగ్రాఫర్నండీ."

ఆమె నా కన్ను పూర్తిగా తెరిచి, ఫోకస్ తిప్పింది. కన్ను ఇంతగా తెరిచినప్పుడు వెంట్రుకవాసి తప్పినా మొహం మసకైపోతుంది. అడ్డుతెర పక్కన మృదుల, చేతిలో జీలకర్ర-బెల్లం.

"ముహూర్తం దాటిపోతోంది, చెయ్యి పెట్టమ్మా!" తొందరపెట్టాడు పురోహితుడు.

మృదుల కదల్లేదు. "అమ్మ చేతికి అక్షింతలివ్వండి. అప్పుడు పెడతాను."

బాజాలు ఆగిపోయాయి. గణపతిరావు మొహం కందిపోయింది. పెళ్లికొడుకు తండ్రి లేచి నిలబడ్డాడు. పురోహితుడు గడియారం చూసి, మళ్లీ చూశాడు. అయ్యో, ఈ పెళ్లి చెడిపోతుందా! చివరికి గణపతిరావే అక్షింతల పళ్లెం వదినగారి ముందుకు తోశాడు.

హైమావతి నన్ను వదిలేసింది. మెడలోని పట్టీకి వేలాడుతూ నేను నేలనే చూశాను. పైన ఏం జరిగిందో బాజాల మోతను బట్టి తెలుసుకున్నాను.

ఇప్పటికీ స్టూడియోకి వచ్చినవాళ్లు ఆ ఆల్బం తిరగేసి, జీలకర్ర-బెల్లం ఫొటో ఏదని అడుగుతారు.

"అప్పుడు నా చేతులు ఖాళీగా లేవండీ" అంటుంది హైమావతి.