కుడివైపు చక్రం

భర్త పోయిన ఏడాదికి, అతను మనసుపడ్డ అల్లాయ్ చక్రాలు చిజురుకు దొరికాయి. భర్త స్నేహితుడైన మెకానిక్ కువబారా వాటిని స్పోర్ట్స్ కారుకు బిగించి, నిటారు చూసేందుకు చివర ఐదు యెన్ల నాణెం కట్టిన దారాలను ఇరువైపులా చక్రాలపై కప్పే ఫెండర్ల మీంచి వేలాడదీశాడు. చక్రాలు దారాలను బయటికి నెడుతున్నాయి.

"ఇలా చక్రాలు ఫెండర్లు దాటితే బండి తనిఖీలో పాసవదు వదినా. మనిషి కూర్చుంటే కారు కుంగి కాస్త లోపలికి పోతాయేమో, ఎక్కండి. మీ బరువుకి కారు కుంగుతుందో లేదో మరి!"

"చాల్లే వేళాకోళం," అంటూ ఆమె అలవాటుగా ఎడమ సీట్లో కూర్చుంది. అటువైపు దారం నిటారుగా నిలిచింది.

"ఇటు సరిపోయింది. ఇక కుడివైపే. స్టీరింగు ముందు నేను కూర్చోనా?"

చిజురు పక్కనున్న ఖాళీ సీటు మీద చెయ్యి ఆనించింది.

"వద్దు. అక్కడ ఆయనుంటే సరిపోయేవని తెలిసింది, చాలు. చక్రాలు తీసెయ్యి."