పాము మెలిక అంచు

తేయాకు తోటలో ఆకు కోసి, కొండెక్కి ఇల్లు చేరేసరికి కోడలికి తల ప్రాణం తోకకొచ్చేది. గంప దించి, పొయ్యి మీద ఎసరు పెట్టి, మగ్గం పట్టీ నడుముకు కట్టుకుని నేల మీద కాళ్ళు చాపుకునేది. నిలువు దారాల పడుగు రెండో కొస గోడకు దిగ్గొట్టిన కొయ్యకు కట్టి ఉండేది. వెనక్కి వాలితే దారాలు బిగుస్తాయి, ముందుకు వంగితే వదులవుతాయి. పగలంతా గంప మోసిన నడుమే మళ్ళీ ఆ పడుగును లాగి పట్టాలి.

పాము మెలిక అంచు చూసి ఒకప్పుడు వాళ్ళ తెగవాళ్ళను ఇట్టే గుర్తుపట్టేవారు. ఇప్పుడది పూర్తిగా తెలిసింది అత్తకొక్కతెకే. పక్షవాతంతో ఆమె కుడిచెయ్యి పడిపోయింది. మంచం మీంచి ఆమె చెబుతుంటే కోడలు నేసేది.

"రెండు పోగులెత్తి ఒకటి వదలవే. అది పామా, వానపామా?"

"వానపామే అనుకో అత్తా. కళ్ళు మూతలు పడుతున్నాయి."

నేర్చుకుంటామని వచ్చిన ఆడపిల్లలు నడుం నొప్పని మానేశారు. ఆడబిడ్డయితే గుమ్మంలోంచే, "నీకెందుకు వదినా ఈ గోల?" అని నవ్వి పోయింది.

ఒక సాయంత్రం దుప్పట్లు కొనే షావుకారు మిషను మీద నేసిన అంచు చుట్ట తెచ్చాడు.

"నువ్వు సాదా గుడ్డ నేసివ్వమ్మా. దీన్ని అతికించేస్తే కొనేవాళ్ళకి తేడా తెలీదు."

అత్త శాపనార్థాలు పెడుతుందనుకుంది కోడలు. అత్త గోడవైపు తిరిగింది.

"అట్లాగే కానివ్వవే. నేసి నేసి అలిసిపోయాను. ఇక చెప్పే ఓపిక కూడా లేదు. ఆ మెలికలు నాతోనే పోనీ."

ఇన్నాళ్ళూ కోడలు కోరుకున్న మాటే అది. అయినా ఒళ్ళు మండిపోయింది.

"చచ్చీ చెడీ పాము తోకా ఒళ్ళూ నేర్చుకున్నాక, తల నీ దగ్గరే దాచుకుంటావా? నా నడుం విరగ్గొట్టింది ఇందుకేనా?"

షావుకారు ఇబ్బందిగా అంచు చుట్టను సంచిలో పెట్టుకుని, "ఆలోచించుకోండి" అంటూ కొండ దిగిపోయాడు.

అత్త మెల్లగా మళ్ళీ మగ్గం వైపు తిరిగింది. "ఆ పై పుల్ల ఎత్తు, తల అక్కడే మొదలు," అంది.

వానాకాలమంతా అలాగే సాగింది. ఒక్కోసారి కోడలు పట్టీ విప్పకుండానే కునికేది. అత్త లేపేది కాదు.

తల పూర్తయ్యాక గుడ్డ తెచ్చి అత్త ఒళ్ళో పరిచింది. అత్త ఎడమచేత్తో తడిమి చూసింది.

"మెడ వంకరపోయింది."

"తెలుసు."

"తల మాత్రం తలలాగే ఉందిలే."

 కోడలు వెల్లకిలా నేల మీద వాలి, నడుము కింద చేతులు పెట్టుకుంది. రేపు మళ్ళీ కొత్త పడుగు కట్టాలి.