పదహారో వంతుల వరుసలో ఆరు

మా షెడ్డులో రంధ్రాలు వేసే బిట్టులన్నీ గోడనున్న ఒక చెక్కకు గుచ్చి ఉంటాయి. పై వరుసలో అంగుళంలో ఎనిమిదో వంతులు, దాని కింద పదహారో వంతులు, ఆ కింద ముప్పై రెండో వంతులు. మాకు వచ్చే కాగితాల మీద మాత్రం కొలతలు దశాంశాల్లో ఉంటాయి. దశాంశాన్ని భిన్నం చేసుకుంటేగాని ఏ బిట్టు తీయాలో తెలియదు.

ఆ రోజు నాకు పరీక్ష. ఉన్నది ఒకే ఒక ఇత్తడి ప్లేటు. రంధ్రం కుదిరితే యంత్రం మీద పని, లేకపోతే మళ్ళీ ఆకురాయితో అంచులు రుద్దుకోవడమే. నా కోసం మేస్త్రిని బతిమాలింది మా వదిన. పక్క బల్ల దగ్గరే పనిచేస్తూ, నన్ను చూడనట్టు చూస్తోంది.

కాగితం మీద 0.375 అని ఉంది. వదిన చెప్పిన చిట్కా ప్రకారం పదహారుతో గుణించాను. సరిగ్గా ఆరు. అంటే పదహారింట ఆరు వంతులు. ఇంత సులువుగా తేలేసరికి భయం వేసింది. సాఫీగా జరిగే పనుల్ని నేనెప్పుడూ నమ్మలేదు.

చెక్క దగ్గరికి వెళ్ళాను. పదహారో వంతుల వరుసలో ఒకటి, మూడు, ఐదు, ఏడు ఉన్నాయి. ఆరు లేదు. ఎవరో తీసుకున్నారంటే ఖాళీ కన్నమైనా ఉండాలి. అదీ లేదు. ఐదు పక్కనే ఏడు, మధ్యలో ఎవరూ ఎన్నడూ లేనట్టు.

మళ్ళీ గుణించాను. మళ్ళీ ఆరే. లెక్క ఉందంటోంది, చెక్క లేదంటోంది. రెంటిలో ఒకటి తప్పు కావాలి. కానీ ఎక్కడికి వెళ్ళినా తప్పు నాదేనని ముందే ఒప్పుకునే అలవాటు నాది. అందుకే అడగలేదు. అందరికీ తెలిసి నాకొక్కదానికే తెలియనిది ఏదో ఉందనిపించింది. బల్లబల్లకీ తిరిగి అందరి చేతుల్లోకీ తొంగి చూశాను. దొంగను వెతుకుతున్నానో, నేనే దొంగనో అర్థం కాలేదు.

చివరికి ఐదు తీసుకుని రంధ్రం వేసేశాను.

మేస్త్రి వచ్చి బోల్టు పెట్టి చూశాడు. దూరలేదు. వదిన చేతిలో పని ఆపేసింది.

“ఐదెందుకు తీశావమ్మా?” అన్నాడు మేస్త్రి.

ఆరు దొరకలేదన్నాను.

“మరి ఏడు ఉందిగా?”

“పెద్దదైపోతే మళ్ళీ చిన్నది చెయ్యలేం కదండీ.”

ఆయన తలూపాడు. తర్వాత నా కాగితం మీద ఆరునూ పదహారునూ రెంటినీ సగం చేశాడు. ఎనిమిదింట మూడు. భిన్నాన్ని ఇంక కుదరనంతవరకు కుదించాకే చెక్క దగ్గరికి వెళ్ళాలట. సగం చేయడానికి వీలైనవేవీ పదహారో వంతుల వరుసలో ఉండవట, పై వరుసలోకి వెళ్ళిపోతాయట. ఎనిమిదో వంతుల వరుసలోంచి మూడు తీసి నా చేతిలో పెట్టాడు. ఉన్న రంధ్రాన్నే దానితో పెద్దది చేశాను. బోల్టు వీసమెత్తు తేడా లేకుండా జారింది.

రేపట్నుంచి యంత్రం మీదికి రమ్మని చెప్పి వెళ్ళిపోయాడు.

సంతోషించాల్సిన సమయమని తెలుస్తూనే ఉంది. కానీ నేను చేసిన లెక్క తప్పు కాదు, నేను తీసిన బిట్టు తప్పు, అయినా పని దొరికింది. ఇందులో దేనికి మెచ్చుకున్నట్టు? లెక్కకా, భయానికా?

కుళాయి దగ్గర వదిన పక్కన నిలబడ్డాను.

“వదినా, ఎనిమిదింట మూడూ పదహారింట ఆరూ ఒకటే అయితే, ఆరు వచ్చినప్పుడు నాకెందుకు తప్పనిపించింది?”

“పని దొరికిందిగా తల్లీ, ఇంకా దేనికి ఏడుపు?” అంది వదిన, సబ్బు నా వైపు తోస్తూ. “ముందు చేతులు కడుక్కో.”